శంఖమూ, చెవిటివాడూ

చెవిటివాడి ముందు శంఖం వూదితే, "దాన్నెందుకయ్యా అట్లా కొరుకుతున్నావు?" అని అడిగాడట. ఈ సామెత వినని తెలుగువాడు అరుదు. ఇరవై యేళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి గనుక, జాతీయాలూ సామెతలూ వచ్చిన ప్రతిసారీ నేనూ దీన్ని వాడుతూ వచ్చాను. చెప్పగానే తరగతి గొల్లుమంటుంది. భోజనం చేసి వచ్చిన పిల్లలు నిద్రకు జారుకొనే వేళ ఇంతకంటె మంచి మందు లేదు.

మూడేళ్ల క్రిందట మా ఇబ్రహీంపట్నంలో ఒక మధ్యాహ్నం అలాగే చెప్పాను. పిల్లలు నవ్వారు. నవ్వి, ఒకరి తరువాత ఒకరు మూడో బెంచీ వైపు తిరిగి చూశారు. అక్కడ కూర్చున్న కుర్రవాడికి అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారో తెలియలేదు. తెలియక, మర్యాదకోసం కాబోలు, తానూ కాస్త నవ్వుముఖం పెట్టాడు. అతనికి పుట్టుకనుంచీ వినిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా మరచిపోయాను. రోజూ మరచిపోతూనే వున్నాను, ఎందుకంటే అతను ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు.

తరగతి వదిలాక పక్కవాడి నోటుపుస్తకంలో ఆ సామెత చదువుకొని నా దగ్గరకు వచ్చాడు. చిన్న చీటీ చేతికిచ్చాడు. పెన్సిలుతో, అచ్చుగుద్దినట్టు గుండ్రని అక్షరాలు: "సార్, ఆయన కంటికి కనిపించింది చెప్పిండు. అందులో తప్పేమున్నది? వినిపిస్తదో లేదో చూసుకోకుండ వూదినాయనది కదా తప్పు?"

నేను తెలుగులో ఎం.ఏ. చేశాను. సామెతల మీద విద్యార్థులచేత వ్యాసాలు వ్రాయించాను. ఈ ప్రశ్న మాత్రం ఒక్కనాడూ నాకు తట్టలేదు. పాఠకులు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని, శబ్దం తీసివేసి ఆ దృశ్యాన్ని వూహించుకొని చూడండి. ఒక మనిషి తెల్లటి గట్టి వస్తువేదో రెండు చేతులా పట్టి, మూతికి ఆనించి, బుగ్గలు పొంగించి, కళ్లు పెద్దవి చేస్తాడు. అచ్చంగా కొరుకుతున్నట్టే వుంటుంది! సామెతలోని చెవిటివాడు తెలివితక్కువవాడేమీ కాదు. వున్నది వున్నట్టు చూడగలిగినవాడు. మనమే యిన్నాళ్లూ అతన్ని చూసి నవ్వుకొన్నాం.

"చెవిటి మేళం" అనే మాట కూడా యిలాంటిదే. మాట మర్యాదగా వుండాలని "బధిరుడు" అంటే సంస్కృతంలోకి మారింది తప్ప మన నడవడి మారలేదు.

ఆ కుర్రవాడు సాయంకాలాలు బస్టాండు దగ్గరి ఒక ఫ్లెక్సీల దుకాణంలో పనిచేస్తాడు. ఫ్లెక్సీ అంటే యిప్పుడు చెప్పనక్కరలేదు గదా. పుట్టినరోజులూ, పెళ్లిళ్లూ, నాయకుల స్వాగతాలూ అన్నీ దాని మీదే. ఒకప్పుడు బోర్డులు వ్రాసే పెయింటర్లు కుంచెతో రెండు రోజులు చేసిన పని, యిప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంటే గంటలో తేలిపోతుంది. చీటీ సంగతి మనసులో మెదులుతూ వుండి, ఒకరోజు ఆ దుకాణానికి వెళ్లాను. యజమాని నన్ను చూచి, "మా దుకాణంల తప్పుల్లేకుండ అచ్చయ్యేది వీని చేతిలనే సార్! ముచ్చట్లు పెట్టడు గద!" అన్నాడు. పొగడ్తే అనుకోవాలి.

కుర్రవాడి పని చూస్తూ అరగంట నిలబడ్డాను. ఒకాయన తెచ్చిన మాదిరిలో నీలం మీద ఎర్రటి అక్షరాలు. దూరానికి అదురుతున్నట్టు వుండి కన్ను నిలవదు. కుర్రవాడు తల అడ్డంగా వూపి, నీలం మీద తెలుపు పెట్టి చూపించాడు. మరొక ఆహ్వానంలో అందంకోసం ఎంచుకొన్న అక్షరాల రకంలో ఒత్తులన్నీ ముడుచుకొనిపోయి "ష్ట" ఏదో "ష్ఠ" ఏదో తెలియకుండా వున్నది. దానిని తీసివేశాడు. ఆ పని చేయవలసింది నిజానికి తెలుగు మాష్టరు!

అప్పుడే అతను తన ఫోను తీసి నాకొక బొమ్మ చూపించాడు. నీలం చదరంలో తెల్లని మనిషి ఆకారం. తల కాస్త వంచి, చేతులలో పసిబిడ్డను పొదివి పట్టుకొన్న తల్లి. బిడ్డకు పాలిచ్చే చోటు యిక్కడ వున్నదని చెప్పే గుర్తు అది. విమానాశ్రయాలలో, పెద్ద దుకాణ సముదాయాలలో, కొన్ని రైల్వేస్టేషన్లలో దానినో, దాని పోలికలనో మీరూ చూచి వుంటారు. బొమ్మ క్రింద కుర్రవాడు వేలితో వ్రాశాడు: "గీసినాయనకు వినపడదు. నాలెక్క."

ఆ గీసినాయన పేరు మాట్ డేగిల్. అమెరికా దేశస్థుడు. గ్రాఫిక్ డిజైనరు, వ్యంగ్య చిత్రకారుడు. అతను బధిరుడు; భార్య కే వినగలిగినవారు, సంకేతభాషకు దుబాసీ. వారికొక కొడుకు. 2006లో అక్కడి "మదరింగ్" అనే పత్రిక ఒక పోటీ పెట్టింది. అంతవరకూ పసిబిడ్డల తల్లులకు కేటాయించిన గదుల మీద సాధారణంగా పాలసీసా బొమ్మ వేసేవారు. సీసా బొమ్మ పెట్టి తల్లిపాలు ఇమ్మనడం, కల్లుకుండ బొమ్మ పెట్టి మజ్జిగ పోయడం లాంటిదే గదా! తల్లిపాల గుర్తు ఒకటి కావాలని పత్రిక పిలిచింది. వందలాదిగా వచ్చిన బొమ్మలలో డేగిల్ గీసినది గెలిచింది. తరువాత ఆ గుర్తును ఎవరైనా, ఎక్కడైనా, రుసుము లేకుండా వాడుకొనేటట్టు వదిలివేశారు. అందుకే అది దేశాలు దాటి తిరుగుతున్నది.

ఆ బొమ్మలోని నేర్పు ఏమిటంటే, అది కొత్తగా కనిపించదు. 1974లో అమెరికా రవాణాశాఖ కోసం అక్కడి డిజైనర్ల సంఘం 34 గుర్తులు తయారుచేసింది. టెలిఫోను, మరుగుదొడ్డి, సామాను తీసుకొనే చోటు వగైరా. గుండ్రని తల, కళ్లూ ముక్కూ లేని ముఖం, సాదా ఒళ్లు వున్న ఆ బొమ్మమనుషులను ప్రపంచమంతా యెరుగును. డేగిల్ తన తల్లినీ బిడ్డనూ ఆ కుటుంబంలోని మనుషులుగానే గీశాడు. దానితో, నిన్నటి నుంచీ అక్కడ వున్న గుర్తేమో అనిపిస్తుంది. మొహమాటం లేదు, అసభ్యం లేదు, ఒక్క అక్షరం లేదు.

చెవులు వినిపించవు గనుకనే ఇంత బాగా గీశాడని నేననను. అలా అనడం కూడా ఒక తరహా వెక్కిరింపే. వినగలిగినవాళ్లంతా సంగీత విద్వాంసులు కారు గదా! అయితే రోజుకు పదిసార్లు, మాట అందక నిలబడిపోయే మనిషికి, మాట లేకుండా సంగతి చెప్పవలసిన అవసరం మనకంటె బాగా తెలిసి వుంటుంది. డేగిల్ దంపతులు 2010 నుంచి "దట్ డెఫ్ గై" అని ఒక హాస్య చిత్రమాలికను నడిపారు. "ఆ చెవిటాయన" అని మన భాషలో చెప్పుకోవచ్చు. వినపడని తండ్రి, వినగలిగే తల్లి, రెండు లోకాల మధ్య తిరిగే వినగలిగే కొడుకు. ఇంట్లో జరిగే చిన్న చిన్న సంగతులే కథలు. అందులో నవ్వు చాలావరకు వినగలిగినవారి తికమక మీదనే పుడుతుంది. మన సామెతను తిరగవేసి చెప్పినట్టు వుంటుంది.

"మాట లేకుండా చెప్పడం" అనగానే నాకు మా బస్టాండులో చూచిన ఒక వింత గుర్తుకు వస్తుంది. ఆ కుర్రవాడూ నేనూ బస్సుకోసం నిలబడి వున్నాం. ఒక ముసలమ్మ వచ్చి, నన్ను వదిలేసి, అతన్నే పట్టుకొని, "బిడ్డా, గీ బస్సు మాల్ పోతదా?" అని అడిగింది. అతను చెవి చూపించి, చేయి వూపాడు. నేను జవాబు చెప్పబోతున్నాను. ముసలమ్మ నన్ను చూడనేలేదు. రెండు వేళ్లు నెత్తిమీద కొమ్ముల్లాగా పెట్టి, తాడు పట్టి పశువును లాగుతున్నట్టు చేసింది. మాల్ సంతకు పశువులు వస్తాయని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. కుర్రవాడు పకపక నవ్వి, ఆమె చేయి పట్టుకొని సరైన బస్సు ఎక్కించి వచ్చాడు. ఆమెకు బోర్డు చదవడం రాదు. అతనికి మాట వినిపించదు. ఇద్దరికీ మధ్య ఒక జత కొమ్ములు చాలాయి. బోర్డు చదవగలిగి, మాట వినగలిగిన నేను అక్కడ పనికిమాలినవాణ్ణయ్యాను!

ఇటువంటి కొమ్ములే ఈ దేశంలో ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టాయని చెబితే పాఠకులు ఆశ్చర్యపోకూడదు. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవను వ్రాయను వచ్చినవారు నూటికి 18 మంది. ఆ దేశంలో 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అభ్యర్థికొక పెట్టె పెట్టి, పెట్టె మీద బొమ్మ అంటించారు. కాడికి కట్టిన ఎడ్లజత కాంగ్రెసుది. ఓటరు బొమ్మ చూచి, ఆ పెట్టెలో చీటీ వేయాలి. మా పొరుగున వున్న నల్లగొండనుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లతో లోకసభకు గెలిచింది ఆ ఎన్నికలలోనే. ఆ ఓట్లు వేసినవారిలో అక్షరాలు వచ్చినవారు ఎందరు?

ఎన్నికల గుర్తులలో ఎన్నో గీసిన చేయి ఎం.ఎస్. సేఠీ అనే నక్షా పనివాడిది. 1950లో ఎన్నికల సంఘంలో చేరి, 1992లో పదవీ విరమణ చేసేదాకా పెన్సిలుతో బొమ్మలు గీస్తూనే వున్నారు. పల్లెలో మనిషి ప్రతిరోజూ చూసే వస్తువులేమిటని అధికారులు కూర్చొని మాట్లాడుకొనేవారట, ఆయన గీసేవారట. కుట్టుమిషను, నిచ్చెన, గాలిపటం అన్నీ అలా వచ్చినవే. 1960లలో గోడలన్నిటిమీదా కనిపించిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం కూడా ఈ వరుసలోదే. అక్షరం రానివాడు తెలివితక్కువవాడని అనుకొని వుంటే వీటిలో ఏ ఒక్కటీ పుట్టేది కాదు. అక్షరం అతనిదాకా చేరలేదు, కాబట్టి వేరే దారి వెయ్యాలి అనుకొన్నారు గనుక పుట్టాయి. అక్షరం రానివాడి విషయంలో ఇంత తేటగా ఆలోచించిన మనం, చెవి వినని మనిషి విషయంలో మాత్రం శంఖాన్ని మరింత గట్టిగా వూదడమే ఉపాయమనుకొన్నాం.

మన దేశంలో అటువంటి కళాకారులు లేరా అంటే, వున్నారు. సతీష్ గుజ్రాల్ గారిని తలచుకోకుండా ఈ వ్యాసం సాగదు. 1925 డిసెంబరు 25న జీలంలో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో కాశ్మీరులో ప్రమాదం జరిగి, దాని వెంట జబ్బు చేసి, వినికిడి పోయింది. మంచం పట్టి వున్న రోజులలో పుస్తకాలూ బొమ్మలే తోడు. లాహోరులో, తరువాత బొంబాయిలో చిత్రకళ నేర్చారు. దేశవిభజన ఆయన కళ్ల ముందు జరిగింది. ఆ కాందిశీకుల రోదనను ఆయన వినలేదు, చూశారు. ఆ చూచినదంతా ఆ తరువాతి చిత్రాలలో చేతులుగా, వంగిన వీపులుగా, తెరచిన నోళ్లుగా నిలిచిపోయింది. 1952లో మెక్సికో వెళ్లడానికి ఉపకారవేతనం లభించింది. ఆ దేశపు గొప్ప కవి ఆక్టేవియో పాజ్ అప్పుడు ఢిల్లీలోని వారి రాయబార కార్యాలయంలో వున్నారు. ఆయన ప్రోత్సాహం వున్నది. డీగో రివేరా, సికేరోస్ వంటి మహా కుడ్యచిత్రకారుల దగ్గర గుజ్రాల్ పనిచేశారు.

చిత్రకారుడు, శిల్పి, అంతటితో ఆగక, వాస్తుశిల్పం ఏ కళాశాలలోనూ చదవకుండానే, ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయాన్ని రూపొందించారు. 1980లలో పూర్తయిన ఆ ఇటుక కట్టడం పేరు దేశాలు దాటింది. ఇంట్లో భార్య కిరణ్ గారు ఆయనకు లోకంతో వంతెన. తమ్ముడి మాటలు వినపడే అన్న ఐ.కె. గుజ్రాల్ ప్రధానమంత్రి అయ్యారు. అన్న మాటలు వినపడని తమ్ముడికి 1999లో పద్మవిభూషణ్ వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే, డెబ్బయిరెండేళ్ల వయసులో, ఆస్ట్రేలియాలో శస్త్రచికిత్స చేయించుకొని అరవైయేళ్లకు పైబడిన నిశ్శబ్దం తరువాత శబ్దం విన్నారు. 2020 మార్చి 26న 94 యేళ్ల వయసులో కన్నుమూశారు.

గుజ్రాల్ గారిని గూర్చి కుర్రవాడికి నేనే చెప్పాను, అనగా వ్రాసి చూపించాను. అతను శ్రద్ధగా చదివి, క్రింద ఒక ప్రశ్న వ్రాశాడు: "మరి ఆయన కట్టిన ఇండ్లల్ల తలుపుగంట మోగితే వినపడనోనికి ఎట్ల తెలుస్తది?" అంత గొప్ప శిల్పిని ఇంత చిన్న ప్రశ్న అడగవచ్చునా అనిపించింది. తరువాత, అడగవలసిన ప్రశ్న అదేనని కూడా అనిపించింది. ఒక బధిరుడు మహాకళాకారుడు కావడం వేరు; తక్కిన బధిరులకు తలుపు తెరుచుకోవడం వేరు.

ఈ తేడాకు టెలిఫోను కథ చక్కని వుదాహరణ. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహంబెల్ తల్లికి వినికిడి లేదు, భార్య మేబెల్‌కు లేదు. ఆయన స్వయంగా బధిరుల ఉపాధ్యాయుడు. 1876లో ఆయన లోకానికిచ్చిన యంత్రం మాత్రం బధిరులకు ఎందుకూ కొరగాలేదు సరిగదా, ఉద్యోగాలన్నీ ఫోను మీదికి ఎక్కిన కొద్దీ వారిని ఇంకాస్త వెనక్కు నెట్టింది. ఆ యింట్లోనే వున్న మేబెల్‌తో బెల్ ఫోనులో మాట్లాడలేడు! తొంభైయేళ్లకు గాని దారి దొరకలేదు. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త, తంతి కార్యాలయాల పాత టైపు యంత్రాలను ఫోను తీగకు కలిపి, ఒకరు టైపు చేస్తే అవతలివారి దగ్గర అచ్చయ్యేటట్టు చేశాడు. ఆయనా బధిరుడే. ఈనాడు మనమందరం బస్సులో కూర్చొని, ఎదుటివారిని విసిగించకుండా, ఫోనులో మాటలు వ్రాసి పంపుకొంటున్నాం. ఎవరికోసమో వేసిన బాటలో మనం నడుస్తున్నామని ఎవరికి తెలుసు?

అమెరికాలో వాషింగ్టన్ నగరంలో బధిరుల కోసం 1864లో వెలసిన గాలడెట్ విశ్వవిద్యాలయం వున్నది. 2005 నుంచి అక్కడ ఒక ఆలోచన సాగింది: చేతులతో మాట్లాడేవారు తామే యిల్లు కట్టుకొంటే అది ఎలా వుంటుంది? ఇద్దరు నడుస్తూ చేతులతో మాట్లాడుకోవాలంటే ఒకరినొకరు చూచుకోవాలి, కాబట్టి నడవా వెడల్పుగా వుండాలి. వెనుక అడుగుల చప్పుడు వినపడదు, కాబట్టి మూలలు గుండ్రంగా వుండాలి, ఎదురుగా వచ్చే మనిషి ముందే కనపడాలి. కళ్లు చెదిరే వెలుతురు పనికిరాదు. చేతులు స్పష్టంగా కనపడాలి గనుక గోడ రంగు ఒంటి రంగులో కలిసిపోకూడదు. కూర్చొనేటప్పుడు వరుసలు కాదు, గుర్రపు లాడంలాగా అందరి ముఖాలూ అందరికీ కనపడాలి. ఈ చివరిది చదివి నేను నవ్వుకొన్నాను. వేపచెట్టు క్రింద మన రచ్చబండ అదే గదా! మనం దాన్ని వదిలి, ఒకరి వీపు ఒకరికి చూపించే బెంచీలలోకి వచ్చాం.

ఇంతదాకా ఇతరుల సంగతులు చెప్పాను. నా సంగతి ఒకటి దాచుకొని వున్నాను, అదీ చెప్పాలి.

ఆ మొదటి సంవత్సరమే, అర్ధసంవత్సర పరీక్షలలో ఆ గదికి నేను కాపలా. చివరి పది నిమిషాలు వున్నదనగా గంట కొడతారు. గంట మోగింది. పిల్లలంతా తొందరపడి చివరి ప్రశ్నలోకి దూకారు. కుర్రవాడు మాత్రం తీరికగా, ఆ గుండ్రని అక్షరాలతో, నాలుగో ప్రశ్నకు జవాబు వ్రాస్తూనే వున్నాడు. నేను చూచాను. "తెలుసుకొంటాడులే" అనుకొన్నాను. చివరి గంట మోగింది, కాగితాలు లాక్కొన్నాను. అతను తలయెత్తి, గోడవైపు చూచి, నావైపు చూచాడు. ఆ గోడకు గడియారం లేదు. చేతి గడియారాలు తేవద్దని మేమే చెప్పాం. అయిదో ప్రశ్నకు జవాబు అతనికి కంఠతా వచ్చునని నాకు తెలుసు. పోయిన మార్కులు పది. అతను చీటీ వ్రాయలేదు. ఆ చూపు చాలు.

వారం రోజుల తరువాత అతనే నాలుగు అట్టలు తెచ్చాడు. దుకాణంలో మిగిలిన ఫ్లెక్సీ ముక్కలు అట్టకు అంటించి చేశాడు. మొదటిదాని మీద నిండు చందమామ లాంటి గుండ్రం, రెండోదాని మీద సగం, మూడోదానిమీద పావు, నాలుగోదాని మీద సన్నని నెలవంక. గంట కొట్టినప్పుడల్లా నల్లబల్లకు ఒక అట్ట తగిలించాలి, అంతే. నాలుగింటికీ నాలుగు రంగులు వేశాడు. అయినా రంగునే నమ్ముకోలేదు. ఎందుకని అడిగితే, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లు కొందరికి వుంటాయని, వారికి ఆకారం చూచి తెలియాలని వ్రాశాడు. తనకు లేని లోపాన్ని గూర్చి కూడా ఆలోచించాడన్నమాట! చక్రాల కుర్చీలో తిరుగుతూ ఇళ్ల నక్షాలు గీసిన రోనాల్డ్ మేస్ అనే అమెరికన్, అందరికీ అందేటట్టు వస్తువులను రూపొందించాలనే వాదాన్ని 1980లలో లేవదీసి, దానికొక పేరు పెట్టాడు. మా కుర్రవాడు అప్పటికి ఆ పేరు వినలేదు, చదవనూ లేదు.

అట్టలు తగిలించిన మొదటి పరీక్షలో జరిగింది చూడాలి. వినపడే నలభైమంది పిల్లలూ గంటను నమ్మక, అట్టనే చూడసాగారు. గంట ఒకసారి మోగి వూరుకొంటుంది. వ్రాతలో మునిగినవాడికి అది మొదటిదో రెండోదో గుర్తుండదు. చందమామ మాత్రం అక్కడే వ్రేలాడుతూ వుంటుంది. పక్క గదుల పిల్లలు తమకూ కావాలని గోల చేశారు. ఇప్పుడు ప్రతి గదికీ ఒక జత వున్నది.

2011 జనాభా లెక్కలలో వినికిడి లోపం వున్నవారు మన దేశంలో 50 లక్షల 71 వేలమంది అని తేలింది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ప్రజలు వాడుకొనే చోట్లూ, సమాచారమూ, ప్రయాణాలూ వారికి అందుబాటులో వుండాలని చెప్పింది. భారతీయ సంకేతభాషకు 2018లో 3 వేల పదాలతో మొదలైన నిఘంటువు 2021 నాటికి 10 వేల పదాలకు పెరిగింది. బొంబాయిలో 1983లో నెలకొల్పిన బధిరుల జాతీయ సంస్థకు మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ గారి పేరు పెట్టారు; సికిందరాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం వున్నది. మన సినిమాలకు వస్తే, వినపడని అభినయ "సీతమ్మ వాకిట్లో సిరిమల్లెచెట్టు" (2013) వంటి చిత్రాలలో నటించి మెప్పించింది. తెలుగు మాటలు తెర క్రింద తెలుగులోనే కనిపించే సినిమా మాత్రం హాలులో దొరకడం గగనం. సినిమా హాళ్లలో వినపడనివారికీ కనపడనివారికీ సౌకర్యాలు వుండాలని 2024 మార్చిలో కేంద్రం నియమాలు ప్రకటించింది. చట్టం దారిన చట్టం పోతుంది. మన బస్టాండ్లలో మైకు గొంతు వినపడేవారికే సరిగా అర్థంకాదు. బస్సు మారిందని వ్రాసి చూపించే పలక ఒకటి పెడితే ఎవరికి నష్టం?

కుర్రవాడిది ఇప్పుడు చివరి సంవత్సరం. డిగ్రీ కాగానే బొమ్మలు గీసే పనిలోనే స్థిరపడాలని అతని కోరిక. ఇంట్లోవాళ్లకు ప్రభుత్వోద్యోగం మీద ఆశ. తండ్రి ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "సార్, మీరన్న చెప్పుండ్రి. గీ ఫ్లెక్సీల పని జీవితమంత నడుస్తదా?" అన్నాడు. నడుస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు. నడవదనడానికీ మనసొప్పలేదు. ఉద్యోగ పరీక్షలకు చదువుతూనే దుకాణం మానవద్దని మధ్యేమార్గం చెప్పి పంపాను. లెక్చరర్లు సాధారణంగా చెప్పే సలహా అదే!

మొన్న మొదటి సంవత్సరం వాళ్లకు మళ్లీ సామెతల పాఠం వచ్చింది. అట్టలకు కొత్త దారాలు కట్టడానికి వచ్చి, అతను వెనుక బెంచీలో కూర్చొని వున్నాడు. ఈసారి నేను సామెతను నోటితో చెప్పలేదు. నల్లబల్ల మీద వ్రాసి, క్రింద, "తప్పు ఎవరిది?" అని కూడా వ్రాశాను. తరగతి కాసేపు ఆలోచించింది. కిటికీ దగ్గరి పిల్ల ఒకతె లేచి, "శంఖానిది సార్!" అన్నది. అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూనే వెనక్కి తిరిగి, అతని వైపు చూచి, ఏమీ తోచక, చేతులు రెండూ మూతి దగ్గర పెట్టి, బుగ్గలు పొంగించి, ఆ తరువాత చేతిలోని దాన్ని నేలకేసి కొట్టినట్టు చేసింది. అతనికి అర్థమైంది. అందరి నవ్వూ ఆగిపోయాక కూడా అతను నవ్వుతూనే వున్నాడు.